మన డబ్బా ఓడని ఎవడు హ్యాక్ చేస్తాడు?

ప్రశ్న: అన్నా, నేను బల్క్ క్యారియర్‌లో సెకండ్ ఆఫీసర్‌ని. జాయిన్ అయిన మూడో రోజే ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది, షిప్‌లో సైబర్ సెక్యూరిటీ చూసుకోవాల్సింది ఇకనుంచి నేనేనట. ట్రైనింగ్ ఏమీ లేదు, ఎనభై పేజీల మాన్యువల్ ఒకటి పంపారు. కెప్టెన్ గారిని అడిగితే "మనం మోసేది ఇనుప ఖనిజం, మన డబ్బా ఓడని ఎవడు హ్యాక్ చేస్తాడు? ఆడిట్ టైముకి చెక్‌లిస్ట్ నింపి పెట్టు చాలు" అన్నారు. నాకు మనసొప్పక యూఎస్‌బీ పోర్టులన్నిటికీ టేపు వేసేశాను, దాంతో క్రూ అంతా నా మీద గుర్రుగా ఉన్నారు. మెషిన్ సర్వీస్‌కి వచ్చిన ఇంజనీర్ తన లాప్‌టాప్ తగిలించబోతే ఆపాను, ఆ రోజు నుంచి చీఫ్ ఇంజనీర్ గారు నాతో మాట్లాడటం లేదు. పోయిన నెల నా వాచ్ డ్యూటీలో జీపీఎస్ పొజిషన్ ఉన్నట్టుండి ఒడ్డు మీదికి గెంతింది, ఇరవై నిమిషాలు కాళ్లూ చేతులూ ఆడలేదు. నేను అతి చేస్తున్నానా? అసలిది నా పనేనా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ ఇరవై నిమిషాల సంగతి మాట్లాడుకుందాం. టేపులూ అలకలూ అన్నీ వివరంగా రాసి దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు గానీ, నీ ఉత్తరం మొత్తంలో నాకు భయం వేసింది ఇది చదివినప్పుడే. ఆ ఇరవై నిమిషాలూ ఏం చేశావో రాయలేదు. నేను చెప్పగలను, ఎందుకంటే మొదటిసారి అందరం చేసేది అదే. జీపీఎస్ రిసీవర్ దగ్గరికి పరిగెత్తి బటన్లు నొక్కుతాం, రెండో జీపీఎస్‌కి మారుస్తాం, అదీ అదే అబద్ధం చెబుతుంది, మళ్లీ మొదటిదానికి వస్తాం, ఈలోపు కిటికీలోంచి బయటికి చూసిన వాడు ఒక్కడూ ఉండడు.

రెండోది కూడా అబద్ధమే ఎందుకు చెప్పిందంటే, ఉపగ్రహం ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి పంపే సిగ్నల్ నీ మాస్టు దాకా వచ్చేసరికి గుసగుసలాగా ఉంటుంది, దగ్గర్లో ఎవడైనా అదే ఫ్రీక్వెన్సీలో గట్టిగా అరిస్తే యాంటెనా ఆ అరుపునే వింటుంది, రెండు యాంటెనాలూ పక్కపక్కనే ఉంటే రెండూ ఒకే అరుపు వింటాయి. ఉత్త రొద పెడితే జామింగ్. పొజిషన్ పోతుంది, అలారం కొడుతుంది, అది నయం. అసలుదానిలా నమ్మించే నకిలీ సిగ్నల్ పంపితే స్పూఫింగ్. పొజిషన్ పోదు, మారుతుంది, అలారం కొట్టకపోవచ్చు కూడా. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో, నొవొరొసీస్క్ దగ్గర ఉన్న ఇరవైకి పైగా షిప్పులు తాము ఎక్కడో లోపల గెలెంజిక్ ఎయిర్‌పోర్టులో ఉన్నట్టు చూపించాయి. నవ్వొస్తుంది కదా? నిజానికి వాళ్లూ నువ్వూ అదృష్టవంతులు. షిప్ ఎయిర్‌పోర్టులో కనబడితే ఎంత నిద్రలో ఉన్నవాడికైనా అనుమానం వస్తుంది. పావు మైలు పక్కకి జరిగి అక్కడే కుదురుగా కూర్చుంటే ఎవడికి తెలుస్తుంది?

2013లో టెక్సాస్ యూనివర్సిటీ పరిశోధకులు యజమాని ఒప్పుకున్నాకే ఒక 65 మీటర్ల యాచ్ మీద ఇది చేసి చూపించారు, మధ్యధరా సముద్రంలో. నకిలీ సిగ్నల్‌తో పొజిషన్‌ని కొంచెం కొంచెంగా జరుపుతూ పోయారు. షిప్ పక్కకి కొట్టుకుపోతోందనుకుని సిబ్బంది దాన్ని సరిచేస్తూ పోతే, అది నిజంగానే దారి తప్పింది. అలారం లేదు. చార్టు స్క్రీన్ మీద గీత తిన్నగా ఉంది, వెనక్కి తిరిగి చూస్తే నీళ్లలో తెల్లటి చారేమో వంపు తిరిగి ఉంది. ఈ ఒక్క దృశ్యం గుర్తుపెట్టుకుంటే ఎనభై పేజీల మాన్యువల్‌లో సగం చదివినట్టే.

ఇంకోటి, జీపీఎస్‌ని వాడుకునేది ఎక్‌డిస్ (కంప్యూటర్ స్క్రీన్ మీద చార్టు చూపించే సిస్టమ్) ఒక్కటే కాదు. మన పేరూ పొజిషనూ చుట్టుపక్కల షిప్పులకి చెప్పే ఏఐఎస్ వాడుతుంది, రాడార్ వాడుతుంది, విమానం బ్లాక్ బాక్స్ లాంటి వీడీఆర్ వాడుతుంది, ప్రమాదంలో సాయం అడిగే డిస్ట్రెస్ మెసేజ్‌లో వెళ్లే పొజిషన్ అక్కడి నుంచే వస్తుంది, కొన్ని గైరో దిక్సూచులు లాటిట్యూడ్ కరెక్షన్‌కి దాన్నే నమ్ముకుంటాయి, చివరికి గోడ గడియారం కూడా. అందుకే ఇది ఒక పెట్టె పాడవడం లాంటిది కాదు, ఒక్క అబద్ధం పది స్క్రీన్ల మీద ఒకేసారి కనబడుతుంది, పది చోట్ల కనబడేసరికి నిజమేనేమో అనిపిస్తుంది.

మరి ఏం చేయాలంటే, ఇందులో కంప్యూటర్ తెలివి ఏమీ అక్కర్లేదు, నువ్వు కాలేజీలో నేర్చుకున్నదే. తీరం దగ్గరుంటే రాడార్ రేంజి (దూరం), బేరింగ్ (దిక్కు) తీసుకుని పొజిషన్ వెయ్యి. ఎక్‌డిస్ చార్టు మీద రాడార్ బొమ్మని పరిచే ఓవర్‌లే పెట్టు, చార్టులో తీరం ఒకచోట, రాడార్‌లో కనిపించే తీరం ఇంకోచోట ఉంటే అక్కడే దొంగ దొరికాడు. శబ్దంతో నీటి లోతు కొలిచే ఎకో సౌండర్ చూపే లోతు చార్టులోని లోతుతో కలుస్తోందా చూడు, సౌండర్‌కి ఉపగ్రహంతో పని లేదు కాబట్టి దాన్ని ఎవడూ దూరం నుంచి మోసం చేయలేడు. కలవకపోతే ఎక్‌డిస్‌ని డెడ్ రెకనింగ్‌కి (వేగం, దిక్కు లెక్కతో పొజిషన్ వేసే పద్ధతి) మార్చు, లుకౌట్‌ని పెంచు, కెప్టెన్‌ని పిలువు. పిలవడానికి మొహమాటపడకు, రాత్రి రెండింటికైనా సరే. టైము రాసి పెట్టు, స్క్రీన్ ఫొటో తీసుకో. నడిసముద్రంలో అయితే కంగారు ఇంకా తక్కువ, టైము ఉంటుంది, సూర్యుడు ఉంటాడు, సూర్యుడి ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్ పెట్టెలోంచి బయటికి తీసి ఎన్నాళ్లయిందో నిన్ను అడగను.

2025 జూన్ 17న ఒమాన్ గల్ఫ్‌లో ఫ్రంట్ ఈగిల్, అడలిన్ అనే రెండు ట్యాంకర్లు ఢీకొన్నాయి. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల జీపీఎస్ గోల విపరీతంగా ఉంది. అయినా యూఏఈ అధికారులు చెప్పిన కారణం నావిగేషన్‌లో అంచనా తప్పడం. అంటే ఏమిటి? బయట ఎంత గోలున్నా, చివరికి లెక్క అడిగేది బ్రిడ్జ్ (షిప్ నడిపే గది) మీద ఉన్నవాడినే. నీ టెన్షన్ అతి కాదని దీన్నిబట్టి తెలుసుకో.

ఇక కెప్టెన్ గారి ప్రశ్న. ఇది ప్రతి షిప్‌లోనూ వినబడేదే, దానికి కోప్పడాల్సిన పని లేదు, ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు బ్రిడ్జ్ మీద హ్యాక్ చేయడానికి ఏమీ ఉండేది కాదు. "ఎవడు హ్యాక్ చేస్తాడు" అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఎక్కడో చీకటి గదిలో కూర్చుని నీ షిప్ పేరు టైపు చేసే మనిషి. అలాంటివాడు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కానీ దెబ్బ తగలడానికి గురి నీ మీదే ఉండక్కర్లేదు. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ ఉక్రెయిన్‌లో జనం వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో బయల్దేరింది. దాన్ని వదిలినవాళ్లకి కంటైనర్లతో పని లేదు. అయినా కంటైనర్లు మోసే మర్స్క్ కంపెనీ ప్రపంచమంతా కుదేలైంది, టెర్మినళ్ల గేట్ల దగ్గర లారీలు నిలిచిపోయాయి, ఏ పెట్టెలో ఏముందో చెప్పేవాడు లేడు. దాదాపు 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు పది రోజుల్లో మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చిందని ఆ కంపెనీ ఛైర్మనే 2018 జనవరిలో దావోస్‌లో చెప్పారు, నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు. వాళ్లు గట్టెక్కడానికి దారి ఎలా దొరికిందో తెలుసా? ఘనా ఆఫీసులో ఆ సమయానికి కరెంటు పోయి ఉండటం వల్ల ఒకే ఒక్క సర్వర్‌లో లాగిన్ వివరాలన్నీ చెక్కుచెదరకుండా మిగిలాయి. అంత పెద్ద కంపెనీని కరెంటు కోత కాపాడింది!

కెప్టెన్ గారు "అది ఆఫీసు గొడవ, షిప్పులకేం కాలేదుగా" అంటారు, చూసుకో. అంటే అప్పుడు బల్క్ క్యారియర్ కథ చెప్పు. షిప్పు యజమానుల సంఘం బిమ్కో, మరికొన్ని సంస్థలు కలిసి షిప్పుల కోసం రాసిన సైబర్ గైడ్‌లైన్స్‌లో ఉంది ఇది. కొత్త బల్క్ క్యారియర్, పేపర్ చార్టులు లేకుండానే నడిపేలా కట్టింది. బయల్దేరే ముందు ఎక్‌డిస్ మొరాయించింది. మొదట మామూలు రిపేరే అనుకున్నారు, కంపెనీ మనిషి వచ్చి గంటలు గంటలు చూశాక తేలింది, వైరస్. రెండో ఎక్‌డిస్‌కీ అదే. పేపర్ చార్టు లేదు కాబట్టి కదలడానికి లేదు, ఆలస్యానికీ రిపేరుకీ కలిపి లక్షల డాలర్లు అయ్యాయి. బల్క్ క్యారియరే కదా అది కూడా.

అదే గైడ్‌లైన్స్‌లో ఇంకో కథ నాకు మరీ ఇష్టం, ఎందుకంటే అందులో దొంగే లేడు. ఇంటిగ్రేటెడ్ బ్రిడ్జ్, అంటే పరికరాలన్నీ ఒకదానికొకటి కలిపిన బ్రిడ్జ్ ఉన్న షిప్. మంచు పొగ, చుట్టూ ట్రాఫిక్, ఉన్నట్టుండి స్క్రీన్లన్నీ చచ్చిపోయాయి. రెండు రోజులు ఒక్క రాడార్‌తో, పేపర్ చార్టులతో నెట్టుకొచ్చి పోర్టు చేరారు. కారణం? అంతకుముందు పోర్టులో తయారీ కంపెనీ మనిషే వచ్చి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు, కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ పాతది, మోయలేక కూలబడింది. వైరస్ లేదు, హ్యాకర్ లేడు, మంచి ఉద్దేశంతో వచ్చిన ఒక మనిషి, ఒక అప్‌డేట్, అంతే. సైబర్ అంటే హ్యాకర్లు మాత్రమే అనుకునేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఈ సంగతే.

అలాగని ప్రతి బ్లాక్‌అవుట్‌నీ సైబర్ ఖాతాలో వెయ్యకు, పరువు పోతుంది. 2024 మార్చిలో డాలీ షిప్ బాల్టిమోర్ వంతెనని గుద్దినప్పుడు హ్యాకింగే అని గంటలో ఆన్‌లైన్లో తీర్పులొచ్చేశాయి. అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ షిప్‌లో కరెంటు పోవడానికి కారణమని చివరికి తేల్చింది, వైరు బిగించే టెర్మినల్‌లో సరిగ్గా దిగని ఒక వదులు వైరు, వైరుకి తగిలించిన లేబుల్ అడ్డం పడి అది పూర్తిగా లోపలికి పోలేదట. చీఫ్ ఇంజనీర్ గారితో మళ్లీ మాటలు కలిసిన రోజు ఈ సంగతి ఆయనకి చెప్పు, సంతోషిస్తారు.

"ఇది నా పనేనా" అని అడిగావు. కొంత నీది, చాలావరకు కంపెనీది. ఐక్యరాజ్యసమితి నౌకా సంస్థ ఐఎంఓ 2017లో చేసిన ఎంఎస్‌సీ.428(98) తీర్మానం సైబర్ రిస్కుని సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో చేర్చమంది, 2021 జనవరి 1 తర్వాత కంపెనీ డీఓసీకి (సేఫ్టీ నిబంధనలు పాటిస్తోందని ఇచ్చే సర్టిఫికెట్) జరిగే మొదటి వార్షిక తనిఖీ లోపు. అంటే ఐఎస్ఎం (అంతర్జాతీయ సేఫ్టీ మేనేజ్‌మెంట్ కోడ్) కింద ఫైర్ డ్రిల్ ఎంత బాధ్యతో ఇదీ అంతే. ట్రైనింగ్ ఇవ్వకుండా నీ నెత్తిన పెట్టడం వాళ్ల తప్పు, అది రాతపూర్వకంగా అడుగు, మర్యాదగా: ఏ కోర్సు, ఎప్పుడు, ఏదైనా జరిగితే ఇరవై నాలుగు గంటలూ ఫోన్ ఎత్తే మనిషి పేరేంటి. జవాబు రాకపోతే డీపీఏకి (షిప్ సేఫ్టీ చూసే ఒడ్డు మీది కంపెనీ అధికారి) కాపీ పెట్టు. 2024 జూలై 1 నుంచి ఆర్డర్ ఇచ్చిన కొత్త షిప్పులకి క్లాస్ సొసైటీల (షిప్పుల ప్రమాణాలు తనిఖీ చేసే సంస్థలు) ఈ26, ఈ27 సైబర్ నిబంధనలు వచ్చాయి, వాటిలో నెట్‌వర్కులు కట్టేటప్పుడే విడివిడిగా కడతారు. నీ షిప్ వయసెంతో రాయలేదు గానీ "డబ్బా" అన్నారంటే ఆ భాగ్యం దానికి లేనట్టే, తలుపులు వేయాల్సింది మనుషులే.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, మాన్యువల్ మూసెయ్. ఒక నోటుబుక్, టార్చ్ పట్టుకుని బ్రిడ్జ్ నుంచి ఇంజన్ కంట్రోల్ రూమ్ దాకా నడువు. స్క్రీన్ ఉన్న ప్రతి పెట్టె, దాని వెనక కేబుల్ ఎటు పోతోంది, యూఎస్‌బీ కన్నం ఉందా, దాన్ని ఎవరు ముట్టుకుంటారు, బయటి నుంచి ఇంటర్నెట్‌లో దీన్ని ఎవరైనా అందుకోగలరా. ప్రతిదాని పక్కనా రెండు ప్రశ్నలు రాసుకో: ఇది చచ్చిపోతే ఏం చేస్తాం, ఇది అబద్ధం చెబితే ఎలా తెలుస్తుంది. మొదటిదానికి అందరి దగ్గరా ఏదో ఒక జవాబు ఉంటుంది. రెండోదాని దగ్గర తలలు గోక్కుంటారు. లోడింగ్ కంప్యూటర్ తప్పు లెక్క చూపిస్తే చీఫ్ ఆఫీసర్‌కి ఎలా తెలుస్తుంది? షిప్ ఎంత మునిగిందో చూపే డ్రాఫ్ట్ మార్కులు చూస్తే తెలుస్తుంది, అది రాసుకో. బల్లాస్ట్ ట్యాంకు (షిప్ నిలకడ కోసం నీళ్లు నింపే ట్యాంకు) లెవెల్ తప్పు చూపిస్తే? చేత్తో సౌండింగ్, అంటే ట్యాంకులోకి టేపు దించి కొలవడం. ఇలా నడిస్తే రెండు రోజుల పని, అంతకంటే ఎక్కువ పట్టదు.

నేను ఇలాగే ఒకసారి నడిచాను. కంట్రోల్ రూమ్‌లో ఒక ప్యానెల్ వెనక, దుమ్ములో, అగ్గిపెట్టెకి కాస్త పెద్ద సైజు నల్ల పెట్టె ఒకటి ఆకుపచ్చ లైటు వెలిగి ఆరుతూ కనబడింది. డ్రాయింగుల్లో లేదు. అడిగితే ఎవరికీ తెలియదు. నాలుగేళ్ల కిందట ఎవరో సర్వీస్ ఇంజనీర్ దూరం నుంచి మెషిన్ చూసుకోవడానికి పెట్టి వెళ్లిన రౌటర్ అది, పని అయిపోయింది, పెట్టె మిగిలిపోయింది. పాస్‌వర్డ్ ఫ్యాక్టరీలో పెట్టిందే, అడుగున స్టిక్కర్ మీద అచ్చు వేసి మరీ ఉంది. నాలుగేళ్లుగా షిప్ వెనక తలుపు బార్లా తెరిచి ఉంది, మేము గ్యాంగ్‌వే (షిప్ ఎక్కే మెట్ల) దగ్గర మనిషిని పెట్టి వచ్చిన ప్రతివాడి చేతా సంతకం చేయిస్తున్నాం.

ఇప్పుడు నీ టేపు. ఇక్కడ మాత్రం అతి చేశావు. తప్పు ఉద్దేశం కాదు, పద్ధతి. జనం ఎక్‌డిస్‌కి ఫోన్ ఎందుకు గుచ్చుతారు? ఛార్జింగ్‌కి. పోర్టులో దారి చూపడానికి ఎక్కే పైలట్ కూడా చేస్తాడు, చుట్టూ చూస్తాడు, ప్లగ్ పాయింట్ దొరకదు, ఎదురుగా యూఎస్‌బీ కన్నం కనబడుతుంది. నువ్వు టేపు వేశావు, టేపు గోటితో ఊడుతుంది. అదే చార్టు టేబుల్ పక్కన ఒక మామూలు ఛార్జర్ పెట్టి రెండు మూడు రకాల వైర్లు వేలాడదియ్, ఎవడూ ఎక్‌డిస్ జోలికి రాడు. టేపు కూడా ఉంచు, దానికి తోడు పోర్టు లాక్ ప్లగ్గులు తెప్పించు, కానీ ముందు ఛార్జర్.

చార్టు కరెక్షన్ పెన్ డ్రైవ్ విషయంలో మాత్రం మొండిగా ఉండు. ఆ పని నీదే కాబట్టి నీకు తెలుసు, మెయిల్ వచ్చే కంప్యూటర్‌లో అప్‌డేట్ దింపుతావు, పెన్ డ్రైవ్‌లో ఎక్కిస్తావు, మెట్లెక్కి వెళ్లి ఎక్‌డిస్‌లో పెడతావు. నెట్‌వర్కులు ఎంత విడదీసినా ఈ చేతి నడక రెండింటినీ కలిపేస్తుంది. అందుకని ఆ పనికి ఒకే ఒక్క పెన్ డ్రైవ్, రంగు వేరేగా ఉండేది, తాడు కట్టి, ఎప్పుడూ ఒకే చోట వేలాడాలి. అందులో సినిమా ఉండకూడదు, నీ సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు కూడా ఉండకూడదు. ప్రతిసారీ స్కాన్ చేశాకే పైకి వెళ్లాలి, స్కాన్ చేసే కంప్యూటర్ యాంటీవైరస్ ఈ నెలదా పోయిన ఏడాదిదా అన్నది కూడా చూడు. మొదటి ఎక్‌డిస్‌లో పెట్టాక అది సజావుగా నడుస్తోందో లేదో చూసుకున్న తర్వాతే రెండోదాంట్లో పెట్టు, రెండింటికీ ఒకేసారి పెట్టి రెండూ పోగొట్టుకోవద్దు.

బంకర్ సర్వేయర్ (షిప్ ఇంధనం లెక్క చూసేవాడు), ఏజెంట్, కార్గో ఇన్‌స్పెక్టర్ వచ్చి "ఒక్క పేజీ ప్రింట్ తీసుకుంటా" అని పెన్ డ్రైవ్ చాపుతారు. ఇంజన్ కంట్రోల్ రూమ్‌లో కాఫీ తాగుతూ అడిగేసరికి కాదనబుద్ధి కాదు. బంకర్ సర్వేయర్ ప్రింట్ కోసం పెట్టిన పెన్ డ్రైవ్‌తోనే షిప్ ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వైరస్ ఎక్కిన కథ కూడా ఆ గైడ్‌లైన్స్‌లో ఉంది, తర్వాతెప్పుడో చెకప్ జరిగితే గానీ బయటపడలేదు. పాత లాప్‌టాప్ ఒకటి, ప్రింటర్ ఒకటి, దేనికీ కలపకుండా గ్యాంగ్‌వే ఆఫీసులో పెట్టేస్తే ఎవరినీ కాదనే పని ఉండదు.

క్రూ ఇంటర్నెట్ కట్ చేయించాలన్న ఆలోచన వస్తే మానుకో. మీ మాన్యువల్‌లో అలాంటి వాక్యం ఉన్నా సరే. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే మనుషులు, పైగా నావికుల హక్కుల ఒప్పందం ఎంఎల్‌సీకి చేసిన సవరణలు 2024 డిసెంబర్ 23 నుంచి అమల్లోకి వచ్చి షిప్‌లో ఇంటర్నెట్ సదుపాయం గురించి చెబుతూనే ఉన్నాయి. కట్ చేస్తే ఏమవుతుందో అమెరికా నేవీని అడగాలి, యూఎస్ఎస్ మాంచెస్టర్ అనే యుద్ధనౌకలో 2023లో చీఫ్‌లు (సీనియర్ నావికులు) కలిసి ఎవరికీ తెలియకుండా డెక్ మీద స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్ బిగించుకున్నారు, వై-ఫైకి స్టింకీ అని పేరు కూడా పెట్టుకున్నారు. యుద్ధనౌకలోనే అది జరిగితే నీ షిప్ ఎంత. క్రూ వై-ఫై వేరు, షిప్ పని నెట్‌వర్క్ వేరు, బ్రిడ్జ్, ఇంజన్ సిస్టమ్స్ ఇంకా వేరు, ఈ మూడూ ఎక్కడా కలవకూడదు. కలవట్లేదని నువ్వు ఊహించుకోవద్దు, ఆఫీసు ఐటీ వాళ్ల దగ్గర డ్రాయింగ్ అడిగి తీసుకో, నీ నోటుబుక్‌తో పోల్చి చూడు, తేడాలు రాకపోతే నన్ను అడుగు.

పాస్‌వర్డులు నీకు తెలిసినవే, విసిగించను. మానిటర్ మీద అంటించిన పసుపు కాగితం తీసెయ్, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చు, సైన్ ఆఫ్ అయి షిప్ దిగిపోయినవాళ్ల లాగిన్లు తీయించు. మెయిళ్ల విషయంలో ఒక్కటి కెప్టెన్ గారికి చెప్పు: ఏజెంటు నుంచో బంకర్ సప్లయర్ నుంచో "మా బ్యాంకు ఖాతా మారింది" అని వస్తే ఆ మెయిల్‌కి రిప్లై ఇవ్వద్దు, పాత కాగితాల మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగాలి. షిప్ పేరు, రాబోయే పోర్టు పేరు సరిగ్గా ఉన్నంత మాత్రాన మెయిల్ నిజమైపోదు, ఏఐఎస్ తెరిచి చూస్తే నువ్వు ఎక్కడికి పోతున్నావో లోకమంతటికీ తెలుసు.

బ్యాకప్ దగ్గర మాత్రం ఇంకాస్త ఆగాలి. ఎక్‌డిస్, లోడింగ్ కంప్యూటర్, మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్, వీటికి రికవరీ డిస్కులు షిప్‌లో ఉన్నాయా? లైసెన్స్ కీ ఎవరి సొరుగులో ఉంది? డిస్కు ఉండటం వేరు, దాంతో ఎప్పుడైనా లేపి చూడటం వేరు. 2023 జనవరిలో డీఎన్‌వీ అనే క్లాస్ సొసైటీ వాళ్ల షిప్‌మేనేజర్ సాఫ్ట్‌వేర్ సర్వర్ల మీద ర్యాన్సమ్‌వేర్ (డబ్బు కోసం కంప్యూటర్లని బంధించే వైరస్) పడినప్పుడు దాదాపు వెయ్యి షిప్పులకి దాని సెగ తగిలింది, అయినా షిప్పుల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఒడ్డుతో సంబంధం లేకుండా పనిచేస్తూనే ఉంది కాబట్టి పని ఆగలేదు. నీ షిప్‌లో అన్నీ ఇంటర్నెట్ మీదే నడిచే రకమైతే ముందే తెలుసుకో. వారానికోసారి కార్గో, స్టెబిలిటీ, క్రూ లిస్టులు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టడం పాత చాదస్తంలా కనబడుతుంది. కనబడనీ.

ఏదైనా జరిగితే క్రూకి ఒకే ఒక్క కాగితం చాలు. నెట్‌వర్క్ వైరు పీకెయ్, మెషిన్‌ని ఫార్మాట్ చేయకు, స్క్రీన్ ఫొటో తియ్యి, టైము రాయి, బ్రిడ్జ్‌కి చెప్పు, ఈ నంబరుకి ఫోన్ చెయ్యి. ఆ నంబరు కాగితం మీదే ఉండాలి, కంప్యూటర్‌లో కాదు. తర్వాత డ్రిల్. పగటిపూట, ఖాళీ సముద్రంలో, కెప్టెన్ గారి అనుమతితో ఎక్‌డిస్ స్క్రీన్ మీద తువ్వాలు కప్పేసి గంటసేపు రాడార్‌తో, కంటితో నడపండి. థర్డ్ ఆఫీసర్‌కి ముందు చెప్పకు. కెప్టెన్ గారిని మాత్రం ఆ డ్రిల్‌లో గురువుని చెయ్యి, ఆయన జీపీఎస్ రాక ముందు రోజులు చూసిన మనిషైతే నీకంటే బాగా నడుపుతారు, ఆ గంట తర్వాత "డబ్బా ఓడ" మాట మళ్లీ వినబడదని నా అంచనా.

ఇక మిగిలింది చీఫ్ ఇంజనీర్ గారు. లాప్‌టాప్ ఆపడం సరైన పనే, అందరి ముందూ ఆపడం సరైన పని కాదు. ఆయన కంట్రోల్ రూమ్‌లో, ఆయన పిలిపించిన మనిషిని, ఆయన్ని అడక్కుండా ఆపావు. నీ బ్రిడ్జ్ మీదికి ఫోర్త్ ఇంజనీర్ వచ్చి పైలట్‌ని ఆపితే నీకెలా ఉంటుంది? ఆయన దగ్గరికి ఒంటరిగా వెళ్లు, ముందు ఆ మాటకి సారీ చెప్పు, తర్వాత ఇలా అడుగు: "సర్, వెల్డింగ్‌కి పర్మిట్ లేకుండా మీరు ఎవరినీ మొదలుపెట్టనివ్వరు కదా, లాప్‌టాప్‌కి కూడా అలాంటి కాగితం ఒకటి మీరే తయారు చేయండి, సంతకం మీదే." ఎవరి లాప్‌టాప్, దేనికి తగిలిస్తారు, ముందు స్కాన్ అయిందా, ఏం మార్చారు, పాత సెట్టింగులు సేవ్ చేశారా, వెళ్లేటప్పుడు ఏమైనా పెట్టె వదిలి వెళ్లారా. ఆరు గళ్లు, అర పేజీ. వెల్డింగ్ పర్మిట్ భాష ఆయనకి తల్లి భాష, సైబర్ అన్న మాట అందులో ఒక్కసారి కూడా వాడకు. ఆ కాగితం ఆయన చేతిరాతలో వచ్చాక ప్యానెళ్ల వెనక ఏమున్నాయో చూడటానికి టార్చ్ పట్టుకుని నీతో ఆయనే వస్తారు. ఆకుపచ్చ లైటు ఏదైనా దొరికితే రాయి.